చెలక కాడి కరెంటు డబ్బా

డిసెంబర్ 14

మామకు షాక్ కొట్టి రెండేళ్లయింది. ఈ పని అప్పుడే మొదలుపెట్టాల్సింది.

నర్సంపేట అవతల, పాకాల వైపు మా మేనమామకు మూడెకరాల చెలక ఉంది. చెరువు నీళ్లు అక్కడికి ఎక్కవు, బోరే ఆధారం. చపాటా మిర్చి వేస్తాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం స్టార్టర్ డబ్బాలో ఊడిన వైరు బిగిద్దామని వెళ్లాడు. ముందు టెస్టర్ పెట్టి చూశాడు, వెలగలేదు. కరెంటు లేదనుకుని వేలు పెట్టాడు. విసిరికొట్టినట్టు వెనక్కి, గట్టు మీద పడ్డాడు కాబట్టి బతికాడు. ముందుకు పడి ఉంటే ఈ డైరీ రాసే అవసరమే ఉండేది కాదు.

టెస్టర్ ఎందుకు వెలగలేదో తర్వాత కూర్చుని ఆలోచించాను. అందులో ఉండేది చిన్న నియాన్ బల్బు, దాని వెనక పెద్ద రెసిస్టర్. నియాన్ వెలగాలంటే సుమారు 60 నుంచి 90 వోల్టులు దాని మీద పడాలి. ఆ కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి వెళ్లాలి. మామ కాళ్లకు మందపాటి రబ్బరు చెప్పులున్నాయి. పైన ఎండ మండిపోతోంది. బల్బు మసకగా వెలిగిందో, అసలే వెలగలేదో ఆ వెలుతురులో ఎవరికీ కనిపించదు. టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టే. వెలగకపోతే మాత్రం కరెంటు లేదని అర్థం కాదు. ఈ తేడా మన ఊళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పరు.

నేను చేయాలనుకున్నది ఒక డబ్బా. చెలకలో మూడు ఫేజులూ సరిగా వచ్చాయా లేదా చూసి, ఊళ్లో ఉన్న మామ ఫోనుకు మెసేజ్ పంపాలి. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇస్తున్నారు, నిజమే. కానీ లైన్లో కరెంటు ఉండటం ఒకటి, మోటరు దాకా మూడు ఫేజులు చేరటం ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్క ఫీజు పోయినా మోటరు గుర్రుమంటుంది, వైండింగ్ కాలుతుంది. అది చూడటానికి మామ టార్చి పట్టుకుని అర్ధరాత్రి కిలోమీటరున్నర నడుస్తాడు. ఆ నడక తప్పించాలి.

మోటరును ఫోనుతో స్టార్ట్ చేసే డబ్బాలు బజారులో దొరుకుతాయి. నాకు ఆ పని వద్దు. ఇంట్లో ఉండి బటన్ నొక్కిన టైముకు అక్కడ పైపు బిగిస్తూ ఎవరి చెయ్యి ఉందో ఎవరికి తెలుసు? నా డబ్బా చూసి చెబుతుంది, అంతే.

డిసెంబర్ 17

అన్నిటికన్నా సులువైన దారితో మొదలుపెట్టాను. పాత ఫోను చార్జర్ ప్లగ్గులో పెట్టి, దాని 5 వోల్టులను రెండు రెసిస్టర్లతో సగానికి తగ్గించి ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) కాలుకు ఇచ్చాను. చార్జర్ వెలుగుతుంటే కరెంటు ఉన్నట్టు. 230 వోల్టులకూ మన చేతికీ మధ్య ఉండాల్సిన అడ్డుగోడ చార్జర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉంటుంది. మంచి కంపెనీ చార్జర్ అయితే మనం ఒక్క కరెంటు వైరు కూడా ముట్టకుండా పని అయిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కో, అక్వేరియానికో, కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌కో కరెంటు పోయిందని తెలుసుకోవాలనుకునే వాళ్లకు నా సలహా ఇదే. ఇంతకు మించి పోవద్దు.

నాకు ఇది సరిపోలేదు. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. కరెంటు 120కి పడిపోయినా అది హాయిగా 5 వోల్టులే ఇస్తుంది. కరెంటు పోయాక కూడా లోపలి కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా కాసేపు ఉన్నట్టే చూపిస్తుంది. పైగా మూడు ఫేజుల మధ్య వరస దానికి తెలియదు.

డిసెంబర్ 21

ఆప్టోకప్లర్. వరంగల్ స్టేషన్ రోడ్డులో పీసీ817లు పది తెచ్చాను. నాలుగు కాళ్ల నల్లటి చిప్పు. ఒక పక్క చిన్న ఎల్‌ఈడీ, ఇంకో పక్క వెలుతురు పడితే పని చేసే ట్రాన్సిస్టర్. రెండింటి మధ్య లోహం ఏమీ లేదు, వెలుతురు ఒక్కటే దాటుతుంది. ఈ మధ్య గోడ 5000 వోల్టులను ఒక నిమిషం తట్టుకుంటుందని దాని డేటాషీట్ చెబుతుంది. కరెంటు పక్క ఏం జరిగినా ఇవతలి పక్కకు వెలుతురు సైగ మాత్రమే రావాలి. ఈ ప్రాజెక్టు మొత్తానికి ప్రాణం ఇదే.

230 అని మనం చెప్పేది ఒక రకం సగటు, ఆర్‌ఎంఎస్ లెక్క. అల శిఖరం 325 వోల్టుల దాకా పోతుంది. ఎల్‌ఈడీకి కావాల్సింది రెండు మూడు మిల్లీ ఆంపియర్లు. సుమారు 100 కిలో ఓముల రెసిస్టర్ పెడితే 2.3 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఇంట్లో ఉన్న పావు వాట్ 100కే రెసిస్టర్ ఒకటి పెట్టి, తొందరలో లెక్క సగమే చేశాను. ఇరవై నిమిషాలకు మాడు వాసన. 230ని 230తో గుణించి లక్షతో భాగిస్తే 0.53 వాట్లు. పావు వాట్ దానికి రెట్టింపు మోత. ఇంకో సంగతి కూడా ఉంది. పావు వాట్ రెసిస్టర్ తట్టుకునే వోల్టేజీకే సాధారణంగా 250 వోల్టుల హద్దు ఉంటుంది. వాట్లు సరిపోయినా ఆ హద్దు దాటితే ఒక రోజు లోపల నిప్పురవ్వ ఎగిరి షార్ట్ అవుతుంది.

ఇప్పుడు ఒక్కో ఫేజుకు 33కే రెసిస్టర్లు మూడు వరసగా, ఒక్కోటి 1 వాట్ మెటల్ ఫిల్మ్. వోల్టేజీని మూడూ పంచుకుంటాయి. ఒక్కోదాని మీద 0.2 వాట్ కూడా పడదు, గోరువెచ్చగా కూడా లేవు. ఒకటి షార్ట్ అయినా మిగతా రెండు నిలబెడతాయి.

ఎల్‌ఈడీకి తిరగేసి ఒక 1ఎన్4148 డయోడ్ తప్పనిసరి. పీసీ817 ఎల్‌ఈడీ వెనక్కి 6 వోల్టులకు మించి తట్టుకోదు. ఏసీ అంటే సెకనుకు 50 సార్లు వెనక్కి తిరిగేదే కదా. ఈ డయోడ్ ఉంటే ఆ సగం అల దాని గుండా వెళ్లిపోతుంది, ఎల్‌ఈడీ మీద 0.7 వోల్టులే పడుతుంది. వేడి తగ్గుతుందని వరసలో 1ఎన్4007 కూడా ఒకటి పెట్టాను. అది వెనకటి సగం అలను ఆపేస్తుంది, రెసిస్టర్ల వేడి సగమవుతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చింది నేరుగా కాదు, సిరీస్ బోర్డు మీద. 60 వాట్ల బల్బు వరసలో ఉంటే ఎక్కడ షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుంది తప్ప పేలుడు ఉండదు. బల్బు చల్లగా ఉంది, ఆర్డుయినో లెక్క చూపించింది. 200 మిల్లీ సెకన్లలో సరిగ్గా 10 పల్సులు. 50 హెర్ట్జ్ అని పుస్తకంలో చదవటం వేరు, స్క్రీన్ మీద పది లెక్కపెట్టుకోవటం వేరు.

పల్సుల లెక్కే ఎందుకంటే, ఇవతల కాలు ఊరికే హై అయిందా లో అయిందా అని చూస్తే తెగిన వైరు కూడా ఏదో ఒక జవాబు ఇస్తుంది. సెకనుకు సరిగ్గా 50 సార్లు కొట్టుకుంటే మాత్రం అది కరెంటేనని చాలావరకు నమ్మొచ్చు.

డిసెంబర్ 23

కాలేజీలో చదువుకునే మా చిన్నోడు అడిగాడు, వైరు ముట్టకుండా చూసే పెన్నులు ఉంటాయి కదా, అలాంటిది చేయొచ్చు కదా అని. మంచి ప్రశ్నే. సీడీ4017 చిప్పు కాలుకు బెత్తెడు వైరు యాంటెనాగా కట్టి చూపించాను. గోడలో వైరు ఉన్న చోట లైట్లు పరుగెత్తాయి. అది ముట్టుకోకుండా, వైరు చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని పసిగడుతుంది.

తర్వాత అదే వైరును తడి గుడ్డతో చుట్టి చూశాం. లైట్లు ఆగిపోయాయి. వైరులో కరెంటు అలాగే ఉంది. పక్క వైరులో కరెంటు ఉండి, పట్టుకున్న వైరు ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ పరుగెత్తాయి. లేనిది ఉన్నట్టు చూపించటాన్ని భరించొచ్చు, ఉన్నది లేనట్టు చూపిస్తే మనిషి పోతాడు. చిన్నోడికి ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. దీన్ని ఇక్కడే వదిలేశాను.

డిసెంబర్ 28

బోర్డు. చుక్కల బోర్డు మీద ఒక రంధ్రానికీ ఇంకో రంధ్రానికీ 2.54 మిల్లీమీటర్లు. ఆప్టోకప్లర్ రెండు వరసల కాళ్ల మధ్య 7.62. ఆ మధ్యలో రాగి చుక్కలు రెండు వరసలు మిగిలిపోతాయి. సోల్డర్ జారి ఒక్క చుక్కకు అంటుకున్నా, తేమ పట్టి దుమ్ము పేరుకున్నా, చిప్పు లోపలి 5000 వోల్టుల గోడకు బయటినుంచి దొడ్డిదారి ఏర్పడుతుంది. స్టార్టర్ డబ్బాల్లో చీమలు, బల్లులు గూడు కడతాయని పల్లెలో అందరికీ తెలుసు.

ఆ రెండు వరసల చుక్కలనూ చాకుతో గీరి తీసేశాను. చిప్పు కింద హాక్సా బ్లేడుతో సన్నటి సందు కోసేశాను. ఇప్పుడు కరెంటు పక్కనుంచి ఇవతలి పక్కకు బోర్డు మీదుగా పాకే దారే లేదు. చిప్పు కాళ్ల దగ్గర తప్ప, రెండు పక్కల మధ్య ఇంకెక్కడా 8 మిల్లీమీటర్లకు తక్కువ లేకుండా స్కేలు పెట్టి కొలిచాను. కరెంటు పక్క భాగాలన్నీ ఎర్ర మార్కరుతో గీత గీసి అటే ఉంచాను. ఈ గీత దాటి ఒక్క వైరు కూడా రాకూడదు.

ప్రతి ఫేజు మొదట్లో చిన్న గాజు ఫ్యూజు, దాని తర్వాత పిడుగుల కోసం వేరిస్టర్. సాయంత్రం అంతా దీనికే పోయింది. ఒక్క సోల్డర్ అతుకు కూడా తొందరగా వేయలేదు.

జనవరి 4

చెలకకు వెళ్లి మెయిన్ స్విచ్ ఆపి, కిట్‌క్యాట్ ఫీజులు మూడూ లాగి జేబులో వేసుకుని డబ్బా తెరిచి చూశాను. ఫీజులు జేబులో ఉంటే నేను లోపల చెయ్యి పెట్టినప్పుడు ఎవరూ వచ్చి స్విచ్ వేయలేరు. మీటరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పని చేస్తోందని చూసుకుని, తర్వాత ఇక్కడ చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూసుకున్నాను. మూడుసార్లు. నడుమ మీటరు చెడిపోతే సున్నా చూపిస్తుంది కదా.

డబ్బాలో న్యూట్రల్ లేదు. మూడు ఫేజులే వచ్చాయి. స్టార్టర్ కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది. నా బోర్డు లెక్కంతా ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 మీద ఉంది.

మామ అన్నాడు, "ఎర్తింగు రాడ్ ఉన్నది గదా అల్లుడూ, దానికి కట్టు. అందరు గట్లనే కడ్తరు."

కట్టలేదు. చేతులు పట్టుకుని మరీ చెప్పాను మామకు. ఎర్త్ అనేది ప్రమాదం వచ్చినప్పుడు కరెంటు పోవడానికి వదిలిన దారి. రోజూ కరెంటు పారించే దారి కాదు. ఎండాకాలం నేల ఎండిపోయి రాడ్ పట్టు వదిలిందనుకో, అప్పుడు నా రెసిస్టర్ల గుండా ఆ రాడ్‌కూ, దానికి కట్టిన ఇనుప డబ్బాకూ ఫేజు వోల్టేజీ ఎక్కుతుంది. రెండు మిల్లీ ఆంపియర్లే, చంపదు. కానీ తడి చేతికి జివ్వుమంటే మనిషి ఉలిక్కిపడి ఎక్కడ పడతాడో? పక్కన మెట్ట బావి ఉంది.

మరి న్యూట్రల్ లేకుండా ఎట్లా? దారి దొరకలేదు. ముందు మూడు ఫేజుల మీద బోర్డు పని చేస్తుందో లేదో చూద్దామని అనుకున్నాను.

జనవరి 11

హన్మకొండలో మోటరు వైండింగ్ చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన టెస్టింగ్ బల్ల మీద మూడు ఫేజులకు మూడు విడి ఎంసీబీలు (ట్రిప్ స్విచ్చులు) ఉన్నాయి, న్యూట్రల్ కూడా ఉంది. ఆదివారం షాపు మూసే ముందు గంటసేపు ఇచ్చాడు.

బోర్డును న్యూట్రల్‌కు కట్టాం. మూడు పల్సులు అందంగా వచ్చాయి. మూడు ఫేజులకు ఆర్, వై, బీ అని పేర్లు. ఆర్ ఫేజు సున్నా దగ్గర అనుకుంటే, వై 6.67 మిల్లీ సెకన్లకు, బీ 13.33కు. 20 మిల్లీ సెకన్ల అలను మూడు సమాన భాగాలు చేసినట్టు. బీ ఎంసీబీ దించితే బీ లైటు ఆరిపోయింది. సంతోషమేసింది.

భాయ్ నవ్వి, "ఆగు తమ్మీ, మోటరు పెట్టి చూడు" అన్నాడు.

3 హెచ్‌పీ మోటరు కట్టాం. బీ ఎంసీబీ దించే ఉంది. భాయ్ స్టార్ట్ నొక్కాడు. మోటరు తిరగలేదు, గుర్రుమంది. ఆయన పైకే ఐదు లెక్కపెట్టి ఆపేశాడు, అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే కాలుతుంది. ఆ ఐదు సెకన్లలో నా బోర్డు మీద బీ లైటు వెలిగింది.

లేని ఫేజు ఉన్నట్టు చూపించింది. మళ్లీ చేశాం, మీటరు పెట్టాం. బీకీ న్యూట్రల్‌కూ మధ్య 118 వోల్టులు. ఆర్, వై ఫేజుల కరెంటు మోటరు వైండింగుల గుండా తిరిగి బీ వైరులోకి వస్తోంది. ఆగి ఉన్న మోటరులో బీ కాలు సరిగ్గా ఆర్‌కూ వైకీ నడిమధ్యలో ఉంటుంది. అందుకే ఫేజు వోల్టేజీలో సగం. ఆ సగానికే నా ఎల్‌ఈడీ చక్కగా వెలుగుతుంది.

"గందుకే టెస్టర్ పెట్టి మూడు ఫేజులు ఉన్నయ్ అనుకుంటరు, మోటర్లు కాలబెట్టుకుంటరు" అన్నాడు భాయ్. "నా కాడికి వచ్చే మోటర్లల్ల సగం గివే."

ఇది ఒక్క మన మోటరుతో పోయేది కాదు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పది మోటర్లుంటాయి. ఎవరి ఆటోస్టార్టరో దానికదే మోటరును ఎక్కించి గుర్రుమనిపిస్తుంటే, ఆ లైన్ మీద ఉన్న అందరి డబ్బాల్లోకీ ఈ దొంగ ఫేజు వస్తుంది. ఆటోస్టార్టర్లు తీసేయమని అంతగా చెప్పింది కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయని. నాకు ఇప్పుడు ఇంకో కారణం కూడా కనిపించింది.

జనవరి 13

భోగి ముందు రోజు. ఇంట్లో సకినాల పని నడుస్తోంది, నేను నోటుబుక్కుతో డాబా మీద కూర్చున్నాను.

న్యూట్రల్ లేదన్న చిక్కు, దొంగ ఫేజు చిక్కు. రెండూ ఒకే గీతతో పోయాయి. నమ్మలేక మూడుసార్లు వేసి చూశాను.

మూడు ఫేజుల రెసిస్టర్ల చివరలను న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ దేనికీ కట్టకుండా, వాటినే ఒకదానితో ఒకటి కలిపేస్తే ఒక స్టార్ పాయింటు వస్తుంది. మూడు కాళ్లూ సమానమైతే దాని వోల్టేజీ మూడు ఫేజుల సగటు. మూడూ సరిగా ఉన్నప్పుడు ఆ సగటు సున్నా, అంటే అదే న్యూట్రల్ అయి కూర్చుంటుంది. మనకు బయటి న్యూట్రల్ అక్కర్లేదు.

ఇప్పుడు బీ పోయి, మోటరు గుండా ఆర్, వైల నడిమధ్య వోల్టేజీ బీలోకి వచ్చిందనుకుందాం. మూడింటి సగటు తీస్తే, ఆర్, వై, వాటి నడిమి విలువ, ఆ సగటు కూడా అదే నడిమి విలువ. అంటే స్టార్ పాయింటు, దొంగ బీ రెండూ ఒకే వోల్టేజీ మీద ఉంటాయి. వాటి మధ్య తేడా సున్నా. బీ ఆప్టోకప్లర్‌లో కరెంటు పారదు. లైటు ఆరిపోతుంది.

మోటరు ఏ లెక్కతో దొంగ ఫేజును పుట్టిస్తుందో, నా మూడు రెసిస్టర్లూ అదే లెక్కతో దాన్ని చెరిపేస్తాయి.

ఇంకోటి. అప్పుడు ఆర్, వై కాళ్లు ఒకదానికొకటి వరసలో ఉన్నట్టు. 415లో చెరిసగం, ఒక్కోదాని మీద సుమారు 207. ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి. పల్సుల మధ్య ఎడం 6.67 కాదు, 10 మిల్లీ సెకన్లు అవుతుంది. లైటు ఆరటం ఒక సాక్ష్యం, ఎడం మారటం రెండో సాక్ష్యం.

ఒక మార్పు మాత్రం చేయాలి. వరసలో పెట్టిన 1ఎన్4007లు మూడూ తీసేయాలి. అవి ఒక సగం అలనే పోనిస్తే స్టార్ పాయింటు ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది, సగటు లెక్క చెడుతుంది. రెండు సగాలూ సమానంగా పారాలి. వేడి కాస్త పెరుగుతుంది, 1 వాట్ రెసిస్టర్లు దాన్ని మోస్తాయి.

జనవరి 18

భాయ్ షాపులో మళ్లీ. న్యూట్రల్ తీసేసి స్టార్ కట్టాం. మూడు ఫేజులు ఇస్తే 0, 6.67, 13.33. బీ దించి మోటరు ఎక్కించాం, గుర్రుమంది, ఐదు లెక్కపెట్టాం. బీ లైటు చీకటి. ఆర్, వైల ఎడం 10.

భాయ్ ఏమీ మాట్లాడలేదు. బోర్డు చేతిలోకి తీసుకుని తిరగేసి చూసి, "ఇంకోసారి" అన్నాడు. ఈసారి ఆర్ దించాం, తర్వాత వై. మూడుసార్లూ సరిగా చెప్పింది.

తర్వాత ఆయనే ఒక పరీక్ష పెట్టాడు. మోటరు పూర్తి వేగంతో తిరుగుతుండగా బీ ఎంసీబీ దించాడు. మోటరు ఆగలేదు, సవ్వడి మారింది. నా బోర్డు మూడు ఫేజులూ ఉన్నాయంది. తిరిగే మోటరు తానే జనరేటరులా పోయిన ఫేజును దాదాపు నిండుగా, సరైన వరసలోనే పుట్టిస్తుంది. వోల్టేజీని చూసే ఏ డబ్బా అయినా ఇక్కడ తడబడుతుంది. నడుస్తున్న మోటరును కాపాడాల్సింది కరెంటును చూసే ఓవర్‌లోడ్ రిలే. మామ స్టార్టర్‌లో అది ఉంది. సెట్టింగ్ ఎక్కువగా తిప్పి పెట్టారు, మోటరు మీది నేమ్‌ప్లేట్ ఆంపియర్లకు సరిచేయమని రాసుకున్నాను.

జనవరి 25

బిగించాం. రబ్బరు సీలు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, వైర్లు లోపలికి పోయే చోట గ్లాండులు, చెమ్మకు సిలికా జెల్ పొట్లం. మెసేజ్‌కు సిమ్ కార్డు పెట్టే చిన్న మాడ్యూల్ సిమ్800ఎల్. అది మెసేజ్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్యాటరీ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోతే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. కరెంటు పోయినా డబ్బా బతికే ఉండాలి కాబట్టి 18650 బ్యాటరీ ఒకటి.

మెసేజ్‌లు నాలుగే. "మూడు ఫేజులు ఉన్నాయి." "రెండు ఫేజులే, మోటరు వేయొద్దు." "కరెంటు లేదు." ఈ మూడింట్లో దేనికీ సరిపడని లెక్క వస్తే, "వరస తప్పింది, మోటరు వేయొద్దు." ఇవి కాక పొద్దున 6కు, సాయంత్రం 6కు, ఏమీ మారకపోయినా, డబ్బా బాగుందని ఒక మెసేజ్. అది రాలేదంటే కరెంటు లేదని కాదు, డబ్బా సంగతి తెలియదని. ఆ రెండు మాటలూ కలిసిపోకూడదు. టెస్టర్ మామకు చేసిన మోసం అదే కదా.

డబ్బా మూత మీద ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాలు రాశాను: ఇది చూసి వైరు ముట్టొద్దు.

మామ చదివి, "కరెంటు లేదని జెప్పినంక గూడ ముట్టద్దా?" అని అడిగాడు.

"అప్పుడు కూడా వద్దు మామా. నా డబ్బాల ఫ్యూజులు రెండు పోతే, కరెంటు ఉన్నా అది లేదనే చెప్తది. ముట్టాలంటే మెయిన్ ఆపు, ఫీజులు లాగి జేబులో ఏసుకో, మీటరు మూడుసార్లు చూడు. ఇది నువ్వు రాత్రి నడవకుండ ఉండనీకె. వైరు ముట్టనీకె కాదు."

కాసేపు మూత వైపే చూశాడు. "మీ అత్తకు గూడ జెప్పు గీ ముచ్చట. నేను లేనప్పుడు ఆమెనే వస్తది" అన్నాడు. అత్తను పిలిచి, ఫీజులు ఎలా లాగాలో ఆమె చేతే రెండుసార్లు చేయించాను.

ఫిబ్రవరి 6

తెల్లవారుజామున 4.10కి మామ ఫోను. "అల్లుడూ, వరస తప్పింది అని వచ్చింది. గిదేంది?"

ఆ మెసేజ్ వస్తుందని నేను అనుకోలేదు. మిగతా మూడింట్లో దేనికీ సరిపడని లెక్క కోసం రాసిన మాట అది. పొలం దగ్గరికి పోవద్దని చెప్పి, పల్సుల ఎడాలు పంపించమని డబ్బాకు మెసేజ్ పెట్టాను. వచ్చిన జవాబు: ఆర్ 0, వై 10, బీ 10.

మూడు ఫేజులూ ఉన్నాయి. కానీ వై, బీ రెండూ ఒకే క్షణంలో కొడుతున్నాయి, ఆర్‌కు సరిగ్గా ఎదురు. ఒకే సమయంలో కొట్టే రెండు ఫేజుల మధ్య వోల్టేజీ ఎంత ఉంటుంది? దాదాపు సున్నా.

తెల్లారేదాకా కాగితం మీద గీశాను. మన పల్లె ట్రాన్స్‌ఫార్మర్లలో పైన 11 కేవీ పక్క డెల్టా, అంటే మూడు వైండింగులు త్రికోణంలా కట్టి ఉంటాయి; కింద స్టార్. పైన మూడు లైన్లలో ఒకటి పోతే, ఒక వైండింగుకు నిండు వోల్టేజీ అందుతుంది. మిగతా రెండూ వరసలో పడి చెరిసగం పంచుకుంటాయి, అదీ తిరగబడి. కిందికి వచ్చేసరికి ఒక ఫేజు నిండుగా 240, రెండు ఫేజులు 120 చొప్పున, నిండు ఫేజుకు ఎదురుగా. ఊళ్లో ఒక్కోసారి ఒక వాడలో బల్బులు మామూలుగా వెలుగుతూ, మిగతా వాడల్లో దీపాల్లా మిణుకుతాయి, అది ఇదే.

అంటే పోయింది కింది ఫీజు కాదు, పైన 11 కేవీ పక్క ఉండే హెచ్‌జీ ఫ్యూజు.

మామకు ఫోను చేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పమని, 11 కేవీ పక్క ఒక ఫ్యూజు పోయినట్టుందని చెప్పమని అన్నాను. మామ పక్క చెలక వాళ్లకు కూడా ఫోన్లు చేశాడు, ఎవరూ మోటర్లు వేయొద్దని, ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దని. ఈ రెండో మాట నేను చెప్పమనలేదు. ఆయనే చెప్పాడు.

తొమ్మిదిన్నరకు లైన్‌మన్ వచ్చి లైన్ ఆపించి, హెచ్‌జీ ఫ్యూజు వేశాడు. 10.05కు మెసేజ్: మూడు ఫేజులు ఉన్నాయి.

ఫిబ్రవరి 8

ప్రోగ్రాంలో ఐదో మెసేజ్ చేర్చాను: "పైన ఫ్యూజు పోయింది, 1912కు చెప్పండి." రెండు పల్సులు 1 మిల్లీ సెకను లోపు కలిసి, మూడోది 10 ఎడంలో ఉంటేనే అది వస్తుంది. ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ కూడా మెయిన్ ఆపి, ఫీజులు లాగి సరిచేశాం. ఈసారి ఫీజులు మామ జేబులో ఉన్నాయి.

పక్క చెలక ఆయన తనకూ ఒకటి కావాలని మామతో చెప్పించాడు. 33కే 1 వాట్ రెసిస్టర్లు తొమ్మిది, పీసీ817లు మూడు, 1ఎన్4148లు మూడు. రేపు స్టేషన్ రోడ్డుకు వెళ్లాలి. ఎర్ర పెయింటు ఇంకా సగం డబ్బా ఉంది.